మెయిల్‌బాక్సు నిండితే ముందుగా తెలిసేది ఎవరికి?

తిరుపతిలో పొద్దున్నే పేపరు తెరిస్తే ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. తిరుమలలో ఎన్ని కంపార్టుమెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోంది, నిన్న ఎంతమంది స్వామివారిని దర్శించుకున్నారు, హుండీ ఆదాయం ఎంత. రద్దీ రోజుల్లో వైకుంఠం క్యూ కాంప్లెక్సు అంతా నిండిపోయి శిలాతోరణం దాకా లైను సాగిందని కూడా అందులోనే రాస్తారు. అది చూసే, ఇవాళే బయల్దేరాలా రెండు రోజులు ఆగాలా అని చెన్నైలో, బెంగళూరులో ఉన్నవాళ్లు కూడా తేల్చుకుంటారు. నాలుగు లైన్ల వార్తే అయినా, దానివల్ల దారిలో ఉన్నవాళ్లకూ కొండమీద ఏర్పాట్లు చూసేవాళ్లకూ ఒకేసారి సంగతి తెలుస్తుంది.

మన మెయిల్‌బాక్సు విషయంలో అలా జరగదు. అది నిండిపోయిందన్న కబురు ఉత్తరం రాసినవాళ్లకే పోతుంది, అదీ ఆలస్యంగా. బాక్సు ఎవరిదో వాళ్లకు మాత్రం చాలాసార్లు ఏమీ తెలియదు. రావలసిన మెయిల్ రాకపోతే ‘ఇంకా పంపలేదేమో’ అనుకుని ఊరుకుంటారు. ఈసారి ముచ్చట్లన్నీ ఆ నిండిన పెట్టె గురించీ, దానిమీద కన్నేసి ఉంచడం గురించీ.

మీకు తెలుసా? మెయిల్‌బాక్సు నిండితే ఏం చెప్పాలన్నది 1982లోనే రాసిపెట్టారు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ దొరికింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. దానికి పదమూడేళ్ల ముందే, 1982 ఆగస్టులో, జాన్ పోస్టెల్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మెయిల్ ఎలా పోవాలో నియమాలు రాశారు. అందులో రెండు నంబర్లున్నాయి. 452 అంటే ‘ప్రస్తుతానికి చోటు చాలదు’. 552 అంటే ‘కేటాయించిన చోటు దాటిపోయింది’. ఈ రెండు నంబర్లూ ఇప్పటికీ మారలేదు. మీరు పంపిన మెయిల్ వెనక్కి వస్తే, కింద గజిబిజిగా కనిపించే ఇంగ్లీషులో ఈ అంకెల కోసం వెతకండి. మొదటి అంకె 4 అయితే ఆ ఇబ్బంది తాత్కాలికం, మళ్లీ ప్రయత్నించవచ్చు. 5 అయితే ఆ ఉత్తరాన్ని ఇక తీసుకోరు. పక్కనే 5.2.2 అనో 4.2.2 అనో ఉంటే, చిరునామా తప్పు కాదు, అవతలివాళ్ల బాక్సు నిండిందని అర్థం. అప్పుడు ఒక్క ఫోన్ కొట్టి చెప్పడం పెద్ద సాయం. ఎందుకంటే ఆ సంగతి వాళ్లకు చెప్పగలిగింది ఆ క్షణాన మీరొక్కరే.

మీకు తెలుసా? నిండిన బాక్సుకు 4తో మొదలయ్యే జవాబే ఇవ్వాలని ఇంటర్నెట్ ప్రమాణాలు సూచిస్తున్నాయి. సొంతదారు నాలుగు పాత మెయిళ్లు తీసేస్తే చోటు వస్తుంది కదా, అందుకని దాన్ని తాత్కాలిక ఇబ్బందిగానే చూడాలని వాటి ఉద్దేశం. కానీ చాలా చోట్ల వాడే డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను ఉన్నదున్నట్టుగా నడిపిస్తే నిండిన బాక్సుకు వచ్చిన ఉత్తరాన్ని శాశ్వతంగా తిప్పి పంపేస్తుంది. ‘తర్వాత రండి’ అని చెప్పించాలంటే సర్వర్ చూసుకునే అడ్మిన్ ఒక్క లైను మార్చాలి. ఆ లైను మార్చడమే మంచిదని నా అభిప్రాయం. ఆసుపత్రి రిపోర్టో, ఇంటర్వ్యూ పిలుపో పంపిన కార్యాలయం, మెయిల్ వెనక్కి వచ్చిందని మళ్లీ కూర్చుని పంపుతుందన్న భరోసా ఎక్కడుంది?

అయితే ‘తర్వాత రండి’లో కూడా ఒక చిక్కుంది. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ అలాంటి ఉత్తరాన్ని తన క్యూలో ఐదు రోజులు అట్టిపెట్టుకుంటుంది. మొదట్లో ఐదు నిమిషాలకోసారి, పోనుపోను గంటకు పైగా ఆగి, మళ్లీ మళ్లీ తలుపు తడుతుంది. అడ్మిన్ ప్రత్యేకంగా కోరితే తప్ప, ఈ ఐదు రోజుల్లో రాసినవాళ్లకు ‘ఇంకా చేరలేదు’ అని చెప్పదు. అంటే రాసినవాళ్లు చేరిందనుకుంటారు, అందుకోవలసినవాళ్లు రాయలేదనుకుంటారు. ఐదు రోజులయ్యాక గానీ సంగతి బయటపడదు.

ఐదు రోజులంటే ఎంతో తిరుమల సేవల కోసం కాచుకునేవాళ్లను అడగాలి. సుప్రభాతం, తోమాల, అర్చన, అష్టదళ పాదపద్మారాధన టికెట్లను టీటీడీ లాటరీ తీసినట్టు ఆన్‌లైన్ డిప్‌లో కేటాయిస్తుంది. నమోదు చేసుకున్నవాళ్లలో పేరు వచ్చినవాళ్లకు ఫోన్ మెసేజీ, మెయిల్ వస్తాయి. సాధారణంగా రెండు మూడు రోజుల్లోగా సొమ్ము కట్టాలి, కడితేనే టికెట్ ఖాయం. వెబ్‌సైట్‌లోకి వెళ్లి చూసుకునే వీలున్న మాట నిజమే. అయినా నెలనెలా పేరు రాసుకుని, రాక, ఆశ వదులుకున్న పెద్దవాళ్లు రోజూ సైట్ తెరిచి చూడరు. వాళ్ల పేరు మీద పిల్లలు ఎప్పుడో తెరిచిన మెయిల్ ఐడీ ఉంటుంది. అది ఎంత నిండిందో ఎవరూ చూసి ఉండరు. నమోదు చేసే రోజే ఆ బాక్సు తెరిచి, చోటు ఉందో లేదో చూడటం ఐదు నిమిషాల పని.

మీకు తెలుసా? బాక్సు నిండా నిండితే, అందులోంచి మెయిల్ తీసేయడం కూడా కుదరకపోవచ్చు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ నిజం. మనం డిలీట్ నొక్కినప్పుడు చాలా మెయిల్ యాప్‌లు ఆ ఉత్తరాన్ని ముందు ట్రాష్‌లోకి కాపీ చేసి, తర్వాత ఇన్‌బాక్సులోంచి తీస్తాయి. కాపీ చేయాలంటే చోటు కావాలి. చోటు లేదు కాబట్టి కాపీ కాదు, కాపీ కాలేదు కాబట్టి డిలీటూ కాదు. అందుకే తెలిసిన అడ్మిన్లు ట్రాష్‌కు ప్రత్యేకంగా కొంత ఎక్కువ చోటు ఇస్తారు. బాక్సుకు 1 జీబీ అయితే ట్రాష్‌కు మరో 100 ఎంబీ అదనం అన్నమాట. ఉత్తరాన్ని కాపీ లేకుండా నేరుగా జరిపే పద్ధతి 2013లో ప్రమాణంగా వచ్చింది. కొత్త యాప్‌లు దాన్నే వాడుతున్నాయి. పాత కంప్యూటర్లలో పాత యాప్‌లతో నడిచే ఆఫీసుల్లో మాత్రం ఈ ముడి ఇంకా ఎదురవుతూనే ఉంటుంది. ట్రాష్‌లో ఉన్నదీ కోటాలోకే లెక్క అన్నది కూడా చాలామందికి తెలియదు. డిలీట్ చేశాం కదా, ఇంకా నిండుగానే ఎందుకు చూపిస్తోంది అని అడిగేవాళ్లలో సగం మందికి జవాబు ట్రాష్‌లోనే దొరుకుతుంది.

మీకు తెలుసా? తిరుపతిలో శ్రీనివాసం, విష్ణునివాసం, భూదేవి కాంప్లెక్సు దగ్గర సర్వదర్శనం టైమ్‌స్లాట్ టోకెన్లు ఇస్తారు. ఆ రోజు కోటా అయిపోతే కింద ఊళ్లోనే తెలిసిపోతుంది. కొండెక్కి, కంపార్టుమెంటు తలుపు దాకా పోయాక తెలియడంకంటే ఇది ఎంతో నయం. మంచి మెయిల్ సర్వర్ కూడా కోటా తనిఖీ గుమ్మం దగ్గరే చేస్తుంది. బయటి సర్వర్ వచ్చి ‘ఫలానావారికి ఉత్తరం తెచ్చాను’ అని పేరు చెప్పగానే, ఉత్తరం ఇంకా చేతికి తీసుకోకముందే, ఆ బాక్సులో చోటుందా అని లోపల అడిగి జవాబిస్తుంది.

ఇది దానంతటదే జరగదు. గుమ్మం దగ్గర నిలబడేది పోస్ట్‌ఫిక్స్ లాంటి ఒక సాఫ్ట్‌వేర్, లోపల బాక్సులు చూసుకునేది డవ్‌కాట్ లాంటి ఇంకొకటి. ఏ బాక్సు ఎంత నిండిందో మొదటిదానికి తెలియదు. డవ్‌కాట్‌లో కోటా స్థితి చెప్పే చిన్న సేవ ఒకటుంది, దాన్ని పోస్ట్‌ఫిక్స్‌కు కలపాలి. కలపకపోతే ఏమవుతుందంటే, సర్వర్ ఉత్తరాన్ని తీసుకుంటుంది, లోపలికి పోయాక చోటు లేదని తెలుస్తుంది, అప్పుడు ‘చేరలేదు’ అని రాసినవాళ్లకు తిరుగుటపా పంపుతుంది. మామూలు ఉత్తరాలకు పర్వాలేదు. కానీ స్పామ్ ఉత్తరాల మీద ఉండే పంపినవారి చిరునామా సాధారణంగా దొంగది, ఎవరో సంబంధం లేని మనిషిది. ఆ తిరుగుటపాలన్నీ పోయి ఆ మనిషి మీద పడతాయి. దీన్ని బ్యాక్‌స్కాటర్ అంటారు. అలా చేసే సర్వర్‌ను స్పామ్ పంపేదాని కింద జమకట్టి, దాని మెయిళ్లను ఇతరులు ఆపేసే ప్రమాదమూ ఉంది. అంటే ఒక ఉద్యోగి బాక్సు నిండితే ఆఫీసు మొత్తానికి మెయిల్ ఇబ్బంది రావచ్చు.

మీకు తెలుసా? ఎవరి బాక్సు ఎంత నిండిందో చూడటానికి అడ్మిన్‌కు ఒక్క కమాండ్ చాలు. డవ్‌కాట్‌ను ఒక ఉద్యోగి కోటా అడిగితే రెండే వరసలు చూపిస్తుంది. మొదటి వరసలో వాడిన చోటు, ఉన్న పరిమితి, శాతం. రెండో వరసలో మెయిళ్ల సంఖ్యకు అదే లెక్క. చోటు కిలోబైట్లలో ఉంటుంది కాబట్టి 1 జీబీ పరిమితి 1048576గా కనబడుతుంది. పరిమితి పెట్టనిచోట చిన్న గీత ఉంటుంది. ఆ గీత కనిపిస్తే అడ్మిన్ జాగ్రత్త పడాలి, ఎందుకంటే ఆ బాక్సు డిస్క్ నిండేదాకా పెరుగుతూ పోగలదు. ఇదే కమాండ్‌ను అందరికీ కలిపి అడగవచ్చు. వచ్చిన జాబితాను శాతం ప్రకారం పేర్చి, పైనున్న పేర్లను చూస్తే ఈ వారం ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిపోతుంది.

హెచ్చరికలు వాటంతటవే వెళ్లేలా కూడా పెట్టవచ్చు. 80 శాతం దగ్గర ఒకటి, 95 దగ్గర ఇంకొకటి పెట్టడం మామూలే. అయితే ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. హెచ్చరిక గీత దాటిన క్షణంలో ఒక్కసారే వెళ్తుంది. 80 దాటిన రోజు ఒక మెయిల్ వచ్చింది, దాన్ని చూడలేదు అనుకోండి, 81లోనూ 90లోనూ మళ్లీ రాదు. ఇక రెండోది, ఆ హెచ్చరిక పోయేది నిండబోతున్న ఆ బాక్సులోకే. రోజుకు వంద మెయిళ్లు వచ్చే మనిషికి అది నూట ఒకటోది. నెలకోసారి కూడా తెరవని మనిషికి అసలు కనబడదు. అందుకని హెచ్చరిక ఫోన్‌కు మెసేజీగా పోవాలి, లేదా అడ్మిన్‌కు కూడా ఒక ప్రతి అందాలి. అది చూసి పలకరించే మనిషి ఒకరు ఉండాలి. ఈ పనికి ఎవరినీ కేటాయించని ఆఫీసులే ఎక్కువ, సర్వర్ చూసుకుంటుందిలే అని అందరూ వదిలేస్తారు.

కోటా లెక్క అప్పుడప్పుడు తప్పుతుంది కూడా. కొన్ని సర్వర్లు ప్రతిసారీ బాక్సంతా తిరగేసి కొలవకుండా, వచ్చినదాన్ని కలుపుతూ పోయినదాన్ని తీసేస్తూ ఒక చిన్న ఫైలులో లెక్క రాసుకుంటాయి. ఎవరైనా డవ్‌కాట్‌కు తెలియకుండా డిస్క్ మీద నేరుగా ఫైళ్లు తుడిచేస్తే ఆ లెక్క పాతదే ఉండిపోతుంది. బాక్సు ఖాళీగా ఉన్నా నిండిందంటుంది. మళ్లీ కొలవమని చెప్పే కమాండ్ ఉంది, దాన్ని నడిపిస్తే సరి.

మీకు తెలుసా? ఒక్క బాక్సూ నిండకుండానే సర్వర్ నిండిపోవచ్చు. వెయ్యి మందికి తలా 5 జీబీ ఇచ్చామంటే మొత్తం 5,000 జీబీ. అందరూ అంత వాడరన్న ధైర్యంతో 2,000 జీబీ డిస్క్‌తోనే నెట్టుకొచ్చే చోట్లు చాలా ఉంటాయి. ఆ ధైర్యంలో తప్పేం లేదు. కానీ అప్పుడు బాక్సుల శాతాలు చూస్తే చాలదు, డిస్క్ శాతం వేరుగా చూడాలి. డిస్క్ నిండితే ఒక్కరికి కాదు, అందరికీ మెయిల్ ఆగుతుంది.

డిస్క్‌లో చోటు ఉండీ మెయిల్ ఆగిన సందర్భాలూ ఉంటాయి. కొన్ని సర్వర్లు ఒక్కో ఉత్తరాన్ని ఒక్కో ఫైలుగా దాస్తాయి. లినక్స్‌లో డిస్క్ మీద ఎన్ని ఫైళ్లు పెట్టవచ్చన్నదానికి కూడా చాలావరకు ఒక హద్దు ఉంటుంది, దాన్ని ఐనోడ్ల సంఖ్య అంటారు. లక్షలకొద్దీ చిన్న చిన్న ఉత్తరాలు చేరితే చోటు మిగిలుండగానే ఆ సంఖ్య అయిపోతుంది. సర్వర్ మాత్రం ‘డిస్క్‌లో చోటు లేదు’ అనే అంటుంది. చూస్తే సగం ఖాళీ! మొదటిసారి ఇది ఎదురైనవాళ్లు తల పట్టుకుంటారు.

మీకు తెలుసా? మెయిల్‌లో పెట్టిన ఫొటో దాని అసలు బరువుకంటే మూడో వంతు ఎక్కువ తూగుతుంది. మెయిల్ పుట్టినప్పుడు అక్షరాలను మోయడానికే పుట్టింది. ఫొటోలు, పీడీఎఫ్‌లు అందులో పోవాలంటే వాటిని అక్షరాలుగా మార్చాలి. ఈ మార్పులో ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి. 3 ఎంబీ ఫొటో కోటాలో 4 ఎంబీకి పైగానే తింటుంది.

బస్టాండు దగ్గర నెట్‌సెంటర్ పెట్టుకున్నవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే సంగతి. దర్శనం టికెట్టు ప్రింటు కోసం, ఆధార్ జిరాక్సు కోసం వచ్చినవాళ్లంతా ఫోన్‌లోని ఫైలును సెంటర్ మెయిల్‌కు పంపుతారు. గోడ మీద ఆ మెయిల్ ఐడీ పెద్దక్షరాల్లో అతికించి ఉంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి ఏదీ రావడం మానేస్తుంది. “పంపిస్తి కదన్నా, ఇంకా రాలేదా?” అని వచ్చినామె ఫోన్ చూపిస్తుంది. “రాలేదు మా, ఇంకోసారి పంపించు” అని సెంటర్ అతను అంటాడు. నెట్ స్లో అనుకుంటారు ఇద్దరూ. అసలు సంగతి, రెండేళ్లుగా వచ్చిన ఫైలు వచ్చినట్టే అందులో పడి ఉంది. ఊరూరి జనం ఆధార్ కార్డులు అలా ఒకరి మెయిల్‌లో పోగుపడి ఉండటం చోటు సమస్యకంటే పెద్ద సమస్య. ప్రింటు తీయగానే మెయిల్ తీసేసి, సాయంత్రం షట్టర్ దించేముందు ట్రాష్ ఖాళీ చేసే సెంటర్లు ఉంటే, వాటికే వెళ్లండి.

మీకు తెలుసా? జీమెయిల్ వచ్చింది 2004 ఏప్రిల్ 1న. అప్పట్లో హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ, యాహూ 4 ఎంబీ. అలాంటిది 1 జీబీ ఇస్తామంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. ఆ తర్వాత రెండు పెద్ద మార్పులు జరిగాయి. 2013లో మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి 15 జీబీ అన్నారు. 2021 జూన్ 1 నుంచి ఫోన్‌లోంచి వాటంతటవే సైజు తగ్గి ఎక్కే, అంతకుముందు లెక్కలోకి రాని ఫొటోలు, వీడియోలు కూడా ఆ 15 జీబీలోకే వచ్చాయి. అంటే ఘాట్ రోడ్డు మీద తీసిన వీడియోలు బ్యాకప్ అవుతూ అవుతూ, మెయిల్ రావడాన్ని ఆపేయగలవు. మెయిళ్లు ఎన్ని తీసినా చోటు రాలేదంటే కారణం ఫొటోల్లో వెతకాలి. గూగుల్ ఖాతాలో స్టోరేజీ పేజీ తెరిస్తే ఈ మూడింటి వాటా విడివిడిగా కనిపిస్తుంది.

చదువుల ఊరు తిరుపతికి ఇందులో ఇంకో సంగతి ఉంది. విద్యాసంస్థలకు గూగుల్ ఒకప్పుడు హద్దు లేని చోటు ఇచ్చేది. 2021లో ఆ పద్ధతి మార్చి, సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ అన్నారు. పాత సంస్థలకు 2022 జూలై నుంచి ఇది మొదలైంది. క్లాసుల వీడియోలన్నీ డ్రైవ్‌లో పెట్టుకున్న కాలేజీలకు అప్పుడు మనిషికింతని కోటా పెట్టక తప్పలేదు. చదువు ముగించి వెళ్లినవాళ్ల ఖాతాలు ఎన్నాళ్లు ఉంచాలన్న ప్రశ్న కూడా దాంతోపాటే వచ్చింది. కాలేజీ మెయిల్ మీద ఉద్యోగాల దరఖాస్తులు పెట్టే విద్యార్థులు, ఫైనలియర్‌లో ఉండగానే సొంత మెయిల్‌కు మారిపోవడం మేలు.

మీకు తెలుసా? సొంతదారుకు తెలియదన్న ఈ చిక్కుకు మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్‌లో చక్కటి ఏర్పాటు ఉంది. ఒక హద్దుకు బదులు మూడు పెట్టారు. ఎక్స్ఛేంజ్ 2016లో ఎవరూ ఏమీ మార్చకపోతే, 1.9 జీబీ దగ్గర హెచ్చరిక వెళ్తుంది. 2 జీబీ దాటితే ఆ మనిషి మెయిల్ పంపడం ఆగిపోతుంది, రావడం ఆగదు. 2.3 జీబీ దాటితేనే రావడమూ ఆగుతుంది. హెచ్చరిక చదవని మనిషైనా, తను రాసిన మెయిల్ పోకపోతే పది నిమిషాల్లో కంప్యూటర్ సెక్షన్‌కు ఫోన్ చేస్తాడు. అప్పటికి ఇంకా 0.3 జీబీ మిగిలే ఉంటుంది, రావలసిన ఉత్తరాలు వస్తూనే ఉంటాయి.